మిగులు క్లోరిన్ కథ: నీటిలో క్లోరిన్, అమోనియా కలిసిన చరిత్ర

మీ ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గరో, వానాకాలంలో వీధి బావి దగ్గరో ఒక ఆరోగ్య కార్యకర్త చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, అందులో కొన్ని చుక్కల మందు వేసి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడటం మీలో చాలామంది చూసే ఉంటారు. నీళ్లు పసుపు రంగుకు తిరిగితే క్లోరిన్ ఉన్నట్టు. తిరగకపోతే బ్లీచింగ్ పౌడరు మళ్లీ కలపాలి. ఆ చిన్న పెట్టెను క్లోరోస్కోపు అంటారు. అందులో వేసే మందు పేరు ఆర్థోటాలిడిన్. నీటి సరఫరా రంగానికి ఈ పరీక్షను 1913లో ఎల్మ్స్, హౌజర్ అనే ఇద్దరు అమెరికన్లు అందించారు.

ఆ పసుపు రంగును నమ్మి కోట్లమంది నీళ్లు తాగారు. అయితే ఆ రంగు ఒక సంగతిని సరిగా చెప్పదు. నీటిలోని క్లోరిన్ విడిగా ఉందా, లేక అమోనియాతో కలిసిపోయి ఉందా అన్నదే ఆ సంగతి. రెండు సందర్భాల్లోనూ గొట్టంలో నీళ్లు పచ్చబడతాయి. క్రిములను చంపే శక్తి మాత్రం రెండింటికీ సమానం కాదు. ఈ తేడా నీటి సరఫరాకు ఎంత ముఖ్యమో తెలియడానికి ఆ తరవాత పాతికేళ్లకు పైగా పట్టింది. అంతటితోనూ కథ ముగియలేదు. 2024లో కూడా ఒక కొత్త అధ్యాయం మొదలైంది.

ఈ వ్యాసంలో ఆ చరిత్రను చూద్దాం. రసాయన సమీకరణాలు ఇవ్వడం లేదు, మాటల్లోనే చెబుతాను. చదివేటప్పుడు ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి: ‘ఈ నీళ్లు మంచివే’ అని ఏ కాలంవాళ్లు దేన్ని చూసి అన్నారు? వాసన చూశారా, రుచి చూశారా, చావుల లెక్క చూశారా, గొట్టంలో రంగు చూశారా? నా అభిప్రాయంలో ఈ చరిత్ర మొత్తం కొలత చుట్టూనే తిరుగుతుంది. కొలిచే సాధనం మారినప్పుడల్లా మంచినీళ్లు అనే మాటకు అర్థం మారింది.

బట్టల మిల్లు నుంచి ఆసుపత్రికి

క్లోరిన్, అమోనియా రెండూ దాదాపు ఒకే కాలంలో శాస్త్రజ్ఞుల చేతికి వచ్చాయి. స్వీడన్‌లో కార్ల్ విల్హెల్మ్ షీలే 1774లో క్లోరిన్ వాయువును తయారుచేశాడు. అది ఒక మూలకమని ఆయనకు తెలియదు. ఆ విషయం తేల్చి దానికి ఇప్పటి పేరు పెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన హంఫ్రీ డేవీ, 1810లో. షీలే కాలంలోనే ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అమోనియాను వాయురూపంలో పట్టాడు. ఫ్రాన్సులో క్లాడ్ లూయీ బెర్తొలే ఈ రెండింటి మీదా పనిచేశాడు. అమోనియా నైట్రోజన్, హైడ్రోజన్‌లతో ఏర్పడిందని తేల్చింది ఆయనే. క్లోరిన్‌తో బట్టలను తెల్లగా చేయవచ్చని 1785లో చూపించిందీ ఆయనే. 1799లో గ్లాస్గోకు చెందిన చార్లెస్ టెనంట్ సున్నానికి క్లోరిన్ పట్టించి పొడిగా అమ్మే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. బ్లీచింగ్ పౌడరు అనే పేరు అలా వచ్చింది. మన బావుల్లో ఇవాళ చల్లే పొడి మొదట బట్టల మిల్లుల సరుకు.

ఈ రెండు పదార్థాల కలయిక ఎంత ప్రమాదకరమో కూడా తొందరగానే తెలిసింది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ లూయీ డ్యూలాంగ్ 1811లో నైట్రోజన్, క్లోరిన్ కలిసిన ఒక పసుపు నూనెను తయారుచేశాడు. ఇప్పుడు మనం దాన్ని నైట్రోజన్ ట్రైక్లోరైడ్ అంటాం. అది పేలి ఆయన ఒక కంటిని, వేళ్లను పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది అదే పదార్థం డేవీ కంటికి గాయం చేసింది. రాసుకోవడం కష్టమైన డేవీ కొన్నాళ్లపాటు ఒక కుర్రవాడి సాయం తీసుకున్నాడు. ఆ కుర్రవాడు మైకేల్ ఫారడే. ఫారడే శాస్త్రరంగంలో అడుగుపెట్టిన తలుపుల్లో ఆ పేలుడు కూడా ఒకటని నా తరగతుల్లో చెబుతూ ఉండేవాణ్ని. ఆ పసుపు నూనెను గుర్తుపెట్టుకోండి, అది మళ్లీ వస్తుంది.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో రోగాలు దుర్వాసన వల్ల, చెడు గాలి వల్ల వస్తాయని యూరపులో వైద్యులు నమ్మేవారు. క్లోరిన్ వాసనను పోగొడుతుంది. కాబట్టి రోగాన్నీ పోగొడుతుందని అనుకున్నారు. 1847లో వియన్నా ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ పురుడు పోసే ముందు వైద్యులు, వైద్య విద్యార్థులు చేతులను క్లోరిన్ సున్నపు నీటితో కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఆయన ఆ మందును ఎంచుకున్నది శవపరీక్ష గదిలో చేతులకు అంటిన వాసన దానితో పోతుంది గనక. ఏప్రిల్‌లో వందకు 18 మంది బాలింతలు చనిపోయిన ఆ వార్డులో జూన్ నాటికి ఆ సంఖ్య రెండుకు దగ్గరగా వచ్చింది. కారణం పూర్తిగా తెలియకుండానే దొరికిన ఫలితం అది.

నీటి విషయంలో కారణం ముందుగా తెలిసింది, మందు ఆలస్యంగా వచ్చింది. 1854లో లండన్‌లో జాన్ స్నో కలరా చావులను వీధి పటం మీద గుర్తించి, బ్రాడ్ స్ట్రీట్ పంపు నీటిని అనుమానించాడు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తా వచ్చి కలరా రోగుల్లోనూ, అక్కడి ఒక చెరువు నీటిలోనూ కలరా క్రిమిని చూశాడు. అయినా మరో ఇరవై ఏళ్లదాకా పట్టణాల సరఫరా నీటిలో రోజూ క్లోరిన్ కలపడానికి పెద్దగా ఎవరూ సాహసించలేదు. ఈ విషయంలో మన దేశానికి ఒక చిన్న సంబంధం ఉంది. ఇక్కడి ఇండియన్ మెడికల్ సర్వీసులో పనిచేసిన విన్సెంట్ నెస్‌ఫీల్డ్ అనే అధికారి, ఒత్తిడితో నింపిన క్లోరిన్ వాయువును తాగునీటి శుద్ధికి వాడవచ్చని 1903లోనే రాశాడు. రెండేళ్ల తరవాత ఇంగ్లండులోని లింకన్ పట్టణంలో టైఫాయిడ్ చెలరేగినప్పుడు అలెగ్జాండర్ హూస్టన్ అక్కడి నీటిలో సోడియం హైపోక్లోరైట్ కలిపించాడు. మంట అంటుకున్నాక చేసిన ఏర్పాటు అది. మంట లేని రోజుల్లో కూడా రోజూ కలపడం వేరే సంగతి.

జెర్సీ సిటీ కోర్టులో

ఆ సాహసం అమెరికాలో ఒక కోర్టు కేసులో భాగంగా జరిగింది. న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీకి ఒక ప్రైవేటు కంపెనీ బూన్‌టన్ జలాశయం నుంచి నీళ్లు ఇచ్చేది. స్వచ్ఛమైన, ఆరోగ్యకరమైన నీళ్లు ఇస్తామన్న ఒప్పందాన్ని కంపెనీ నిలుపుకోలేదని నగరం కోర్టుకెక్కింది. జలాశయానికి పైన ఉన్న ఊళ్ల మురుగు, వానలు పడినప్పుడల్లా అందులో చేరేది. ఆ మురుగునంతా మళ్లించే కాలువలు కట్టండి, లేదా అదే ఫలితాన్నిచ్చే వేరే ఉపాయం చూపండి అన్నట్టుగా 1908లో కోర్టు కంపెనీకి గడువిచ్చింది.

కంపెనీ వైద్య సలహాదారు జాన్ లీల్. అమెరికా అంతర్యుద్ధంలో సైన్యంలో వైద్యుడిగా వెళ్లిన ఆయన తండ్రి, అక్కడ పట్టుకున్న విరేచనాల జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడి చనిపోయాడు. మురుగు కాలువలు కట్టినా నీటి భద్రతకు పూర్తి హామీ ఉండదని లీల్‌కు తెలుసు. ఆయన బ్లీచింగ్ పౌడరును ఎంచుకున్నాడు. జార్జ్ వారెన్ ఫుల్లర్ అనే ఇంజినీరు సుమారు మూడు నెలల్లో ఏర్పాట్లు పూర్తిచేశాడు. 1908 సెప్టెంబరు 26న రోజుకు దాదాపు 15 కోట్ల లీటర్ల నీటికి క్లోరిన్ కలపడం మొదలైంది. ఆ మోతాదు పది లక్షల పాళ్ల నీటికి ఒక పాలు కూడా లేదు. ఊరి ప్రజలను ముందుగా అడగలేదు.

కేసు మళ్లీ విచారణకు వచ్చినప్పుడు నగరం తరఫున సాక్ష్యం చెప్పినవాళ్లు చిన్నవాళ్లు కారు. ప్రజారోగ్య శాస్త్రంలో పెద్దపేరున్న విలియం సెడ్జ్‌విక్, జార్జ్ విపుల్ వాళ్లలో ఉన్నారు. తాగే నీటిలో విషం కలపడమేమిటి అన్నది ఆనాటి చాలామంది భావన. ఈ నీటిని మీ భార్యకు, మీ కుటుంబానికి ఇస్తారా అని లాయరు అడిగాడు. ఇస్తానని లీల్ జవాబు చెప్పాడు. నిజానికి ఆ మాట కన్నా రోజువారీ బాక్టీరియా లెక్కలే కేసును గెలిపించాయి. 1910లో విచారణాధికారి విలియం మేగీ, ఈ పద్ధతి నీటిని సురక్షితం చేస్తుందని, హానికరమైనదేదీ అందులో మిగల్చదని తేల్చాడు.

ఈ తీర్పును జాగ్రత్తగా చదవాలి. హానికరమైనదేదీ మిగలదు అనే నిర్ణయానికి ఆధారం అప్పటి పరీక్షలు. అవి చూడగలిగింది బాక్టీరియాను, కొంతవరకు రుచిని, వాసనను, మిగిలిన క్లోరిన్‌ను. వాటి వరకు ఆ తీర్పు నిజమే. కొన్నేళ్లలోనే వందల పట్టణాలు జెర్సీ సిటీ బాటపట్టాయి. వడపోత, క్లోరిన్ కలిసి టైఫాయిడ్‌ను వెనక్కి నెట్టాయి. పాలను కాచి శుద్ధిచేయడం, మురుగు కాలువలు కూడా తోడ్పడ్డాయి. అందుచేత మొత్తం ఘనత క్లోరిన్‌కే ఇవ్వకూడదు. అయినా ఆ చౌక పొడి లక్షల ప్రాణాలు కాపాడిందన్న మాటలో అతిశయోక్తి లేదు.

యుద్ధం, ధర, అమోనియా

ఇప్పుడు అమోనియా రంగంలోకి వస్తుంది. కెనడా రాజధాని ఒట్టావాలో 1911, 1912 సంవత్సరాల్లో రెండుసార్లు టైఫాయిడ్ చెలరేగింది. నగరం బ్లీచింగ్ పౌడరు వాడటం మొదలుపెట్టింది. అంతలో మొదటి ప్రపంచయుద్ధం వచ్చి పొడి ధర పెరిగిపోయింది. నగర రసాయనజ్ఞుడు జోసెఫ్ రేస్ క్లోరిన్‌తోపాటు కాస్త అమోనియా కలిపితే తక్కువ పొడితోనే పని జరుగుతుందని గమనించి, 1916లో ఒట్టావా సరఫరాలో ఆ పద్ధతిని అమలుచేశాడు. మరుసటి ఏడాది డెన్వర్ నగరం అదే పని చేసింది.

దీని వెనక జరిగేది ఇది. క్లోరిన్ నీటిలో కలిసినప్పుడు హైపోక్లోరస్ ఆమ్లం ఏర్పడుతుంది. క్రిములను చంపే అసలు పదార్థం అదే. అది చురుకైనది, ఎదురైన ప్రతి సేంద్రియ పదార్థంతోనూ చర్య జరిపి త్వరగా ఖర్చయిపోతుంది. నీటిలో అమోనియా ఉంటే ముందుగా దానితో కలుస్తుంది. అమోనియాలోని మూడు హైడ్రోజన్లలో ఒకటి పోయి ఆ స్థానంలో క్లోరిన్ చేరితే మోనోక్లోరమిన్ వస్తుంది. రెండు చేరితే డైక్లోరమిన్. మూడూ క్లోరిన్లే అయితే అదే డ్యూలాంగ్ కన్ను తీసిన పసుపు నూనె, నైట్రోజన్ ట్రైక్లోరైడ్. నీటిలో అది అతిస్వల్పంగా ఉంటుంది కాబట్టి పేలదు, ముక్కును, కళ్లను మాత్రం మండిస్తుంది. ఈతకొలనులో కళ్లు మండితే క్లోరిన్ ఎక్కువ వేశారని తిట్టుకుంటాం. చాలాసార్లు కారణం తిరగబడి ఉంటుంది. ఈదేవాళ్ల చెమట, మూత్రం నుంచి వచ్చిన నైట్రోజన్‌కు సరిపడా క్లోరిన్ వేయకపోవడం వల్లనే ఆ ఘాటు పుడుతుంది.

మోనోక్లోరమిన్ నెమ్మదైనది. హైపోక్లోరస్ ఆమ్లం చేసే పనికే దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ సమయం కావాలి. కానీ మైళ్ల పొడవు గొట్టాల్లో చివరి ఇంటిదాకా మిగిలి ఉంటుంది, నీటికి మందు వాసన తక్కువగా ఉంటుంది. అందువల్ల 1920, 1930 దశాబ్దాల్లో అమెరికాలో చాలా నగరాలు దాన్ని ఇష్టపడ్డాయి. గొట్టంలో పసుపు రంగు బాగానే వచ్చేది. చూసేవారికి తృప్తిగానే ఉండేది.

ఈ సందర్భంలో ఒక వ్యక్తిని తలుచుకోక తప్పదు. గాలిలోని నైట్రోజన్‌ను అమోనియాగా మార్చవచ్చని 1909లో చేసి చూపిన ఫ్రిట్జ్ హేబరే, 1915 ఏప్రిల్ 22న ఈప్ర యుద్ధభూమిలో 150 టన్నులకు పైగా క్లోరిన్‌ను శత్రుసేనల మీదికి వదిలించాడు. ఆయన అమోనియా ప్రక్రియ 1913లో ఓపావు కర్మాగారంలో పెద్ద ఎత్తున మొదలైంది. మన పొలాల యూరియా దాని సంతానమే. పంట పీల్చుకోని నైట్రోజన్, మనుషుల, పశువుల మురుగులోని నైట్రోజన్ చివరకు నీటిలోకే చేరతాయి, కొంత అమోనియాగా, కొంత నైట్రేటుగా. నైట్రేటు ఎక్కువున్న బావినీటితో కలిపిన పాలు తాగిన పసికందులు నీలిరంగుకు తిరగడాన్ని 1945లో అమెరికాలోని అయోవాలో హంటర్ కామ్లీ అనే వైద్యుడు వివరించాడు. మన ప్రమాణాల్లో లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేటు అనే పరిమితికి మూలం ఆ భయమే. బ్లీచింగ్ పౌడరు నైట్రేటును ఏమీ చేయలేదు. ఆ సంగతి మన పల్లెల్లో చాలామందికి ఇప్పటికీ తెలియదు.

పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగిన గీత

1939లో గ్రిఫిన్ అనే అమెరికన్ రకరకాల నీళ్లలో క్లోరిన్ మోతాదును బాగా పెంచుతూ పోయి, ఫలితాలను ప్రచురించాడు. మామూలుగా మనం ఏమనుకుంటాం? ఎక్కువ వేస్తే ఎక్కువ మిగలాలి. మొదట అలాగే జరిగింది. అమోనియా ఉన్న నీటిలో ఒక దశ దాటాక, ఇంకా క్లోరిన్ వేస్తున్నకొద్దీ మిగులు తగ్గడం మొదలైంది. దాదాపు అడుగుకు చేరి, అక్కడినుంచి మళ్లీ పెరిగింది. ఆ అడుగు బిందువునే బ్రేక్ పాయింట్ అంటారు.

ఒక కాగితం తీసుకొని ఆ గీతను మీరే గీయండి, తేలిగ్గా అర్థమవుతుంది. మొదటి ఎక్కుడులో ఉన్నదంతా క్లోరమిన్. దిగుడులో క్లోరమిన్లు ఒకదానితో ఒకటి చర్య జరిపి నాశనమవుతున్నాయి, అందులోని నైట్రోజన్ ఎక్కువభాగం నైట్రోజన్ వాయువుగా, కొద్దిగా నైట్రేటుగా వెళ్లిపోతోంది. రెండో ఎక్కుడులో ఉన్నది స్వేచ్ఛా క్లోరిన్. అంటే గీత మీద ఒకే ఎత్తులో రెండుచోట్ల ఉన్న నీళ్లు ఒకటి కావు. క్లోరోస్కోపులో రెండూ పసుపే. మొదటిదాంట్లో క్రిములు నిదానంగా చస్తాయి, రెండోదాంట్లో నిమిషాల్లో చస్తాయి. ఇన్నేళ్లుగా నమ్మిన రంగుకు రెండు అర్థాలున్నాయని తేలింది. ఆ రెంటినీ విడదీసి చూపే పరీక్షల కోసం వెతుకులాట మొదలైంది. వాటిలో బాగా నిలిచింది 1957లో ఇంగ్లండుకు చెందిన పాలిన్ పద్ధతి. దాంట్లో నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఇవాళ ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడేది దాన్నే.

ఒక లెక్క చేద్దాం. లక్ష లీటర్ల ట్యాంకు ఉందనుకోండి. శుభ్రమైన నీటికి లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ వేస్తే మొత్తం 200 గ్రాములు. తాజా బ్లీచింగ్ పౌడరులో మూడో వంతు మాత్రమే పనికొచ్చే క్లోరిన్ కాబట్టి 600 గ్రాముల పొడి చాలు. అదే నీటిలోకి మురుగు చేరి లీటరుకు 1 మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్ ఉందనుకోండి. బ్రేక్ పాయింట్ చేరడానికి సిద్ధాంతం ప్రకారమే దానికి 7.6 రెట్లు క్లోరిన్ కావాలి, ఆచరణలో 8 నుంచి 10 రెట్లు. తక్కువలో తక్కువ లెక్కేసినా 760 గ్రాముల క్లోరిన్, అంటే సుమారు 2 కిలోల 300 గ్రాముల పొడి, అది కేవలం అమోనియాకే ఖర్చు. అది తెలియనివాళ్లు 600 గ్రాములే వేస్తారు, పసుపు రంగు చూస్తారు, వెళ్లిపోతారు. బస్తా విప్పి నెలలు గడిచి, పొడి శక్తి సగానికి పడిపోయి ఉంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

ఢిల్లీలో యమున నీటిలో అమోనియా లీటరుకు ఒక మిల్లీగ్రాము స్థాయి దాటినప్పుడల్లా వజీరాబాద్, చంద్రావల్ శుద్ధి కేంద్రాలు ఉత్పత్తి తగ్గించుకున్నట్టు మీరు పత్రికల్లో చదువుతుంటారు. అంత పెద్ద నగరం నీళ్లకు ఎందుకు కటకటలాడుతుందో ఇప్పుడు మీకు అర్థమై ఉండాలి. నదిలో పెరిగిన ప్రతి మిల్లీగ్రాము అమోనియాకూ దానికి ఎనిమిది, పది రెట్ల క్లోరిన్ అడుగుతుంది.

1974 తరవాత

రెండో ప్రపంచయుద్ధంలో అమోనియాకు కరువొచ్చి, ఆపైన బ్రేక్ పాయింట్ పద్ధతి తెలిసి, అమెరికాలో చాలా నగరాలు క్లోరమిన్‌ను వదిలి స్వేచ్ఛా క్లోరిన్‌కు మళ్లాయి. ముప్పై ఏళ్లు ఆ నిర్ణయాన్ని పెద్దగా ఎవరూ ప్రశ్నించలేదు. 1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నీటి సంస్థకు చెందిన యోహానెస్ రూక్, కుళ్లిన ఆకుల నుంచి వచ్చే సహజ సేంద్రియ పదార్థంతో క్లోరిన్ చర్య జరిపి క్లోరోఫామ్ వంటి పదార్థాలను పుట్టిస్తోందని ప్రచురించాడు. అదే ఏడాది అమెరికా పర్యావరణ సంస్థ శాస్త్రజ్ఞులు అక్కడి నీటిలోనూ వాటిని చూశారు. వీటిని ట్రైహాలోమీథేన్లు అంటారు. ఇవి 1908లోనూ నీటిలో ఏర్పడి ఉండాలి, కారణాలన్నీ అప్పుడూ ఉన్నవే. వాటిని చూడగల గ్యాస్ క్రొమటోగ్రాఫు మాత్రం అప్పుడు లేదు. మేగీ తీర్పు గురించి ఇందాక అన్నమాట ఇక్కడ గుర్తుచేసుకోండి.

క్యాన్సరు భయం మొదలైంది. 1979లో అమెరికా ఈ పదార్థాలకు లీటరుకు 100 మైక్రోగ్రాముల పరిమితి పెట్టింది, 1998లో దాన్ని 80కి తగ్గించింది. ఆ పరిమితిలో ఉండటానికి చౌకైన దారి ఏది? నిదానమైన క్లోరమిన్ ఆ చర్యను అంతగా జరపదు. అలా ఒకసారి పక్కన పెట్టిన పదార్థమే ఈసారి రక్షకుడిగా తిరిగొచ్చింది. దాని ఇబ్బందులు దానికున్నాయి. గొట్టాల్లో క్లోరమిన్ విడిపోతే బయటపడే అమోనియాను తిని బతికే బాక్టీరియా నైట్రైటును పుట్టిస్తాయి, ఆ నైట్రైటు మిగిలిన క్లోరమిన్‌ను తినేస్తుంది. డయాలిసిస్ చేసే ఆసుపత్రులు దాన్ని నీటి నుంచి పూర్తిగా తీసేయాలి, లేకపోతే రోగి ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. ఇవన్నీ తెలిసిన ఇబ్బందులే.

ఎవరూ ఊహించని ఇబ్బంది వాషింగ్టన్ నగరంలో వచ్చింది. 2000 నవంబరులో అక్కడ స్వేచ్ఛా క్లోరిన్ నుంచి క్లోరమిన్‌కు మారారు. ట్రైహాలోమీథేన్లు తగ్గాయి, కాగితం మీద అంతా బాగుంది. ఆ నగరంలో వేల ఇళ్లకు పాతకాలపు సీసం గొట్టాలున్నాయి. స్వేచ్ఛా క్లోరిన్ బలమైన ఆక్సీకరణి. అది దశాబ్దాలపాటు గొట్టాల లోపలి గోడ మీద లెడ్ డయాక్సైడు పొరను నిలిపి ఉంచింది. ఆ పొర నీటిలో దాదాపు కరగదు. క్లోరమిన్‌కు ఆ బలం లేదు. పొర మెల్లగా కరిగి, సీసం కుళాయి నీటిలోకి వచ్చింది. హెచ్చరిక పరిమితి లీటరుకు 15 మైక్రోగ్రాములు కాగా, కొన్ని ఇళ్లలో 300 దాటింది. పత్రికల్లో వార్త వచ్చేదాకా, అంటే 2004 జనవరిదాకా, ఆ నీళ్లు తాగుతున్న తల్లులకు పెద్దగా తెలియదు. ఆ ఏడాదే నీటిలో ఫాస్ఫేటు కలపడం మొదలుపెట్టి గొట్టాలకు కొత్త పొర కట్టించారు. పిల్లలకు పెద్ద హాని జరగలేదన్నట్టుగా మొదట ఒక ప్రభుత్వ నివేదిక వచ్చింది. మార్క్ ఎడ్వర్డ్స్ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసరు ఏళ్ల తరబడి పోరాడి, పసిపిల్లల రక్తంలో సీసం పెరిగిందని 2009లో చూపించాడు. సీసం పసిమెదడుకు చేసే హాని వెనక్కి తీసుకోలేనిది. నీటిలో ఒక పదార్థాన్ని మార్చినవాళ్లు ఆ నీటిని మాత్రమే పరీక్షించారు, గొట్టాన్ని చూడలేదు. ఈ వ్యాసంలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టే ఘట్టం ఇదే.

పేరులేని పదార్థం

క్లోరమిన్లు విడిపోయేటప్పుడు గుర్తుతెలియని పదార్థమొకటి ఏర్పడుతోందని 1980 దశాబ్దంలోనే రసాయనజ్ఞులకు తెలుసు. అతినీలలోహిత కాంతిని అది పీల్చుకోవడం వల్ల అది ఉన్నట్టు కనిపించేది. ఎంత ప్రయత్నించినా అదేమిటో తేలలేదు. 2024 నవంబరులో అర్కాన్సా విశ్వవిద్యాలయానికి చెందిన జూలియన్ ఫేరీ, ఆయన అమెరికా, స్విట్జర్లాండ్ సహచరులు దాని నిర్మాణాన్ని సైన్స్ పత్రికలో ప్రకటించారు. దాని పేరు క్లోరోనైట్రమైడ్ ఆనయాన్. చిన్న అణువు, రుణావేశం కలది, నీటిలోంచి విడదీయడం కష్టమైనది. అందుకే ఇన్నాళ్లు చిక్కలేదు. క్లోరమిన్ వాడే పది అమెరికన్ సరఫరా వ్యవస్థల నుంచి తెచ్చిన 40 నమూనాల్లోనూ అది కనిపించింది, ఎక్కువలో ఎక్కువ లీటరుకు సుమారు 120 మైక్రోగ్రాములదాకా. క్లోరమిన్ వాడని స్విస్ కుళాయి నీటిలో కనిపించలేదు. అమెరికాలో పదకొండు కోట్లమందికి పైగా క్లోరమిన్ కలిసిన నీళ్లు తాగుతున్నారు. ఆ పదార్థం శరీరానికి హాని చేస్తుందా లేదా అన్న పరీక్షలు అది బయటపడిన నాటికి జరగలేదు.

ఈ వార్త విన్న నా పాత విద్యార్థి ఒకరు ఫోన్ చేసి, ‘అయితే సర్, ఇక క్లోరిన్ మానేయాలా?’ అని అడిగారు. ఆ ప్రశ్న మీకూ వచ్చి ఉంటుంది. మీ ఊళ్లో వానాకాలంలో విరేచనాలతో ఎంతమంది ఆసుపత్రికి వెళ్తారో లెక్కవేసుకోండి. లీటరుకు కొన్ని మైక్రోగ్రాములతో ఎన్నో ఏళ్లకు రాగల ప్రమాదాన్ని, రేపే రాగల కలరాతో ఒకే త్రాసులో తూచకూడదు. మురుగు చేరిన నీటికి క్లోరిన్ మానేయడం ప్రాణాలతో చెలగాటం. మురుగు చేరకుండా చూస్తే, అమోనియా, ఆకుల కుళ్లు లేని నీటికి తక్కువ క్లోరిన్ చాలు, తక్కువ వేసిన చోట ఈ ఉపపదార్థాలూ తక్కువే పుడతాయి. కాలువలు కట్టడమా, మందు వేయడమా అని జెర్సీ సిటీ కోర్టులో జరిగిన పాత వాదంలో నగరం పక్షం పూర్తిగా తప్పు కాదని నేను అనుకుంటాను.

భారత ప్రమాణాల ప్రకారం వినియోగదారుడి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ మిగలాలి. ప్రమాణం స్వేచ్ఛా క్లోరిన్ అని స్పష్టంగా అంటోంది. అమోనియాకు 0.5, క్లోరమిన్లకు 4 మిల్లీగ్రాములు పరిమితి.

ఈ యూనిట్‌కు అభ్యాసంగా ఒక పని చేయండి. మీ ఊరి ఆరోగ్య కార్యకర్తను అడిగి, వాళ్లు క్లోరోస్కోపు పరీక్ష చేసేటప్పుడు పక్కన ఉండండి. ఆర్థోటాలిడిన్‌ను చేత్తో ముట్టుకోవద్దు, అది క్యాన్సరు కారకమన్న అనుమానం ఉంది. చుక్కలు వేసిన మొదటి పది సెకన్లలో రంగు ఎంత వచ్చిందో రాసుకోండి. అయిదు నిమిషాల తరవాత మళ్లీ చూసి రాసుకోండి. స్వేచ్ఛా క్లోరిన్ వెంటనే రంగునిస్తుంది, క్లోరమిన్లు నిదానంగా ఇస్తాయి. ముందుగా ట్యాంకు కింది కుళాయి దగ్గర, తరవాత ఊరి చివరి ఇంట్లో, ఆపైన సెప్టిక్ ట్యాంకుకు దగ్గరగా ఉన్న ఒక బావి దగ్గర ఇలా చేయండి. మొదటి అంకెకు, రెండో అంకెకు ఎక్కువ తేడా ఎక్కడ వచ్చిందో చూసి, అక్కడి నీటిలోకి అమోనియా ఏ దారిన వచ్చి ఉంటుందో ఒక పేజీలో రాయండి.